ఆకుపచ్చ బటను నొక్కిందెవరు?

ఆయుధపూజ నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచిన మలర్‌కి, నిన్న సాయంత్రం దాకా చక్కగా నడిచిన ప్రోగ్రాముల్లో ఒక్కటి కూడా బతికి లేదని తెలిసింది.

తెర మీద పైనుంచి కిందికి సున్నాలు. ఆమె కళ్ళు తుడుచుకుంది, తెర తుడిచింది, పేజీని మళ్ళీ తెప్పించింది. సున్నాలు ఇంకా స్పష్టంగా కనిపించాయి. బయట అరియాంకుప్పం మీద రాత్రి నుంచి ముసురు పట్టి ఉంది. వంటింట్లో తల్లి మణియమ్మ పూజ కోసం కత్తిపీటను, కొడవలిని కడిగి బొట్లు పెడుతోంది.

"మలరూ, నీ ల్యాప్‌టాపు కూడా తెచ్చి ఈడ పెట్టు. బొట్టు పెట్టి మూసేస్తా. ఈ పొద్దు దాన్ని ముట్టుకోకూడదు."

"ముట్టుకోకుండానే పోయిందిమ్మా," అంది మలర్.

ఆ రోజుకి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒకసారి సర్వర్లను చూసి, అంతా బాగుందనుకుని, బొరుగులు తిని దుప్పటి ముసుగేసుకోవడం. మరునాడు విజయదశమి. కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న ఆమెను ఆ రోజు పర్మనెంటు చేస్తానని ఓనరు ముకుందన్ మాటిచ్చాడు. తండ్రి కరుప్పన్ పనిచేసిన బట్టల మిల్లు మూతపడ్డాక ఆ ఇంట్లో పర్మనెంటు అనే మాటను దేవుడి పేరులా మెల్లగా, భయంగా పలుకుతారు.

ముకుందన్‌ది పుదుచ్చేరి పెద్ద మార్కెట్ వెనక సందులో, మేడ మీద చిన్న కంపెనీ. ఊళ్ళో వ్యాపారుల ఆప్‌లను అద్దె సర్వర్ల మీద నడిపిపెట్టడం దాని పని. ఒక్కొక్క ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామాతో సహా ఒక పెట్టెలో సర్దుతారు. దాన్ని కంటైనర్ అంటారు. అలాంటి పెట్టెల మందను కాసే కాపరి కుబర్‌నెటిస్ అనే టూలు. పడిపోయిన పెట్టెను లేపుతుంది, జనం ఎక్కువైతే ఇంకో పెట్టెను తోలుకొస్తుంది. ఆ కాపరితో మాట్లాడాలంటే నోరు తిరగని కమాండ్లు టైపు చెయ్యాలి. ఆ బాధ లేకుండా పోయిన నెల మలర్ దానికి ఒక ఏఐ అసిస్టెంట్‌ను కలిపింది. ఇక ఏ భాషలో మాట్లాడినా సరే, టైపు చేసినా సరే, అది కమాండ్లుగా మార్చి కాపరికి అందిస్తుంది. ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే బదులిస్తుంది.

కలపమన్నది ముకుందనే, అదీ కస్టమర్లకు చూపించుకోవడానికి. అంతకు ముందు నుంచే కస్టమర్లందరికీ, "మా సర్వర్లన్నీ ఏఐ చూసుకుంటాది, మేము ఊరికే వేడుక చూస్తాం," అని చెప్పుకుని తిరుగుతున్నాడు. కలపడం పూర్తయ్యాక మలర్ వెళ్ళి, "సార్, నిజంగానే కలిపేసినా. ఇకమీదట దానికి ఏం చెప్తే అది చేసేస్తాది," అంది. ముకుందన్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, ఉంగరాల వేళ్ళతో దాన్ని నొక్కుతూనే, "సూపర్‌మా, సూపర్," అన్నాడు. ఆమెకు అనుమానం వచ్చి మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ సూపర్ అన్నాడు.

అయినా మలర్ ఒక కట్టుబాటు పెట్టింది. పెద్ద పని ఏది చేసే ముందైనా అసిస్టెంట్ ఒకసారి అడగాలి. మనిషి ఆకుపచ్చ బటను నొక్కితేనే చెయ్యాలి. ఈ కట్టుబాటు తలుచుకుని ఆమె నెల రోజులుగా హాయిగా నిద్రపోతోంది.

ఫోన్ మోగింది. జీవా. ఆఫీసులో ఆమెకు సీనియర్. ఇంట్లో తమిళమే అయినా తరాలుగా పుదుచ్చేరిలో ఉన్నా ఇళ్ళల్లో తెలుగే మాట్లాడే ఆఫీసు వాళ్ళ మధ్య పడి తెలుగు పట్టుకున్నాడు.

"చూస్తివా మలర్? మొత్తం పోయింది."

"చూస్తాండా అన్నా."

"నేను అప్పుడే చెప్పినా గదా. దానికి నోరు ఇయ్యి, చెయ్యి ఇయ్యొద్దని."

"అది అడక్కుండా చెయ్యదన్నా. ఎవురో పచ్చ బటను నొక్కుండారు."

"సెలవు రోజు ఎవరు నొక్కుతారు? అదే నొక్కేసుకుంది."

"దానికి వేలు యాడుండాది అన్నా?"

ఆపమన్న ఆజ్ఞ అసిస్టెంట్ నుంచే వచ్చిందని మాత్రం తెలుస్తోంది. అసిస్టెంట్‌కు ఆ ఆజ్ఞ ఎవరిచ్చారో తెలియదు. ముకుందన్ ఒక్క లాగిన్ కొని దాన్నే అందరికీ పంచాడు.

మరు నిమిషంలో ముకుందన్ ఫోన్ చేశాడు. పలకరింపులేమీ లేవు. "అణ్ణామలై అన్న ఆప్ పడిపోయింది. యాడున్నా సరే, ఆఫీసుకి రా."

ఇంకే కస్టమరైనా ఒక పూట ఓపిక పడతాడు. అణ్ణామలైది పోయినవాళ్ళను సాగనంపే వ్యాపారం. శవాన్ని ఉంచే అద్దాల ఫ్రీజర్ బాక్సు, పూలబండి, డప్పులు, గోడలకు అంటించే కన్నీటి అంజలి పోస్టరు, బంధువులకు కబురు... అన్నీ ఆప్‌లో ఒక్క నొక్కుతో ఇంటికి వస్తాయి. చావుకి సెలవులు లేవు కనుక అణ్ణామలైకీ లేవు.

ఆమె వానలోనే స్కూటర్ తీసింది. మురుంగపాక్కం దగ్గర ఎవరో దిష్టి తీసి పగలగొట్టిన గుమ్మడికాయ మీద చక్రం జారింది. పడలేదు గానీ బండి వంకర తిరిగి ఒక షామియానా ముందు ఆగింది. లోపల బెంచీ మీద ఒక ముసలమ్మ. అటూ ఇటూ ఐసు గడ్డలు. ఐసు నీళ్ళూ వాన నీళ్ళూ కలిసి రోడ్డు మీదికి పారుతున్నాయి. గడప దగ్గర ఒక నడివయసు మనిషి ఫోన్‌ను విదిలించి విదిలించి చూస్తున్నాడు.

"ఫ్రీజర్ బాక్సుకి నొక్కుతాండా, పోవడం లే," అన్నాడు ఆమెతోనే, ఆమె ఎవరో తెలియకుండానే. "పెద్దక్క కారైకాల్ నుంచి రావాల. అంతదాకా అమ్మని ఎట్ల ఉంచేది, చెప్పు తల్లీ?"

మలర్ స్కూటర్ తిప్పుకుని తల వంచుకుని పోయింది.

ఆఫీసులో మెట్ల మీదికే సాంబ్రాణి పొగ వచ్చేసింది. ముకుందన్ తండ్రి రంగనాథన్ చొక్కా లేకుండా, భుజాన తువ్వాలుతో, ప్రతి కంప్యూటరుకీ కుంకుమ బొట్టు పెడుతున్నాడు. బాహూరులో మూడు తరాల రైస్‌మిల్లు ఆయనది. మిల్లు అమ్మేసిన తర్వాత రోజూ బస్సెక్కి వచ్చి కొడుకు ఆఫీసులో కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. వైఫై డబ్బాకు కూడా పసుపు పూసి, పూలు చుట్టి, దాని పని దాదాపు పూర్తిగా ఆపేశాడు.

"రామ్మా, బొరుగులు తీసుకో. ఎడం చేత్తో కాదు," అన్నాడు.

"నైనా, ఇప్పుడు బొరుగులేంది?" ముకుందన్ గొంతు ఆ మేడ పట్టనంతగా లేచింది. "మలర్! ముందు ఆ అసిస్టెంటు నోరు ముయ్యి. ఊడబెరుకు దాన్ని!"

"సార్, దాన్నే ఒక మాట అడిగితే..."

"అడిగేదేంది? దొంగని పిలిచి, దొంగ ఎవురప్పా అని అడుగుతావా?"

జీవా చేతులు కట్టుకుని, నేను చెప్పలేదా అన్నట్టు నిలబడ్డాడు. మలర్ అసిస్టెంట్‌కూ కాపరికీ మధ్య లంకెను తెంచేసింది. జరిగినదంతా తెలిసిన ఒకే ఒక్క సాక్షి నోరు అలా మూతపడింది.

ఇక పెట్టెలన్నింటినీ ఒకటొకటిగా చేత్తోనే లేపాలి. ముకుందన్ ఫోన్ స్పీకర్లో అణ్ణామలై గొంతు ఆగకుండా వస్తోంది.

"తంబీ, మురుంగపాక్కంలో ఒక ముసలమ్మ ఐసు గడ్డల మీద ఉండాది. ఐసు కరుగుతాండాది తంబీ. నా పేరు కూడా కరుగుతాండాది."

"అయిపోయింది అన్నా, రెండే నిమిషాలు. మలర్, సీక్రం!"

తొందరలో చేసిన పని తొర్రలోకి పోతుంది. లేపడానికి ఒక వరస ఉంది. ఏ బుకింగు అయిపోయింది, ఏది రద్దయింది అని గుర్తుపెట్టుకునే ప్రోగ్రాము ముందు లేవాలి. డ్రైవర్లకు కబురు పంపే ప్రోగ్రాము తర్వాత లేవాలి. ఆ వరస అసిస్టెంట్‌కు తెలుసు. మలర్‌కీ తెలుసు, కానీ ఆ క్షణంలో ఆమె కళ్ళ ముందు ఉన్నది వరస కాదు, ఐసు నీళ్ళలో తడుస్తున్న ముసలమ్మ చీర కొంగు. రెండోది ముందు లేచింది.

తెర మీద సున్నాలు పోయి అంకెలు వచ్చాయి. ముకుందన్ "అబ్బా!" అని కుర్చీలో పడి గుప్పెడు బొరుగులు నోట్లో వేసుకున్నాడు. అవి నమిలేలోపలే అణ్ణామలై మళ్ళీ ఫోన్ చేశాడు.

"తంబీ, అరియాంకుప్పంలో పదహారో రోజు కర్మ భోజనాలు పెడతాండే ఇంటికి నా ఫ్రీజర్ బాక్సు ఏమిటికి పోయింది? ఆకు ముందర కూర్చున్నోళ్ళు లేచి డ్రైవర్ని తరుముతాండారు!"

ముకుందన్ నమలడం ఆపేశాడు.

"ఇంకోటి ఒక శుభకార్యం ఇంటి ముందర నిలబడి ఉండాది తంబీ. పోయిన ఏడాది ఆ ఇంట్లో తాత పోయినాడు నిజమే. ఈ పొద్దు మనవరాలి నిశ్చితార్థం!"

మలర్‌కు విషయం అర్థమైంది. తీరిపోయినవీ రద్దయినవీ, పాత బుకింగులన్నీ కొత్తవిగా బయలుదేరాయి. కబురు పంపే ప్రోగ్రాము, ఎవరు పోయారో గుర్తులేక అందరినీ మళ్ళీ పలకరించే ముసలమ్మలా, ఊరంతా తిరుగుతోంది.

అప్పుడే సందు మొదట్లోంచి డప్పులు వినిపించాయి. దూరంగా మొదలై, మార్కెట్ దాటి, దగ్గరగా, ఇంకా దగ్గరగా వచ్చి, సరిగ్గా ఆఫీసు కిందే ఆగాయి.

"ఎవురో పోయినట్టుండారు, పావం," అన్నాడు రంగనాథన్, తువ్వాలు సర్దుకుంటూ.

మెట్లెక్కి ఒక డ్రైవరు వచ్చాడు. తడిసిన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వృత్తి నేర్పిన దిగులు ముఖం నిండా ఉంది.

"రంగనాథన్ అయ్యగారి తాలూకు ఎవరండీ?"

"నేనే రంగనాథన్."

"ఆయనకీ మీ పేరేనా? పావం," అన్నాడు డ్రైవరు మెత్తగా. "బాడీ యాడుండాది సామీ?"

డ్రైవరు చంకలోని పోస్టరు విప్పి చూపించాడు. అందులో రంగనాథన్ పట్టు పంచె కట్టుకుని, నిండుగా నవ్వుతున్నాడు. పైన పెద్ద అక్షరాలతో కన్నీటి అంజలి. అడ్రసు ఈ ఆఫీసుదే.

రంగనాథన్ అద్దాలు పెట్టుకుని పోస్టరును చాలాసేపు చూశాడు.

"ఫోటో బాగుండాది," అన్నాడు చివరికి. "ఈ ఫోటో నా దగ్గర లేదే. వయసు మాత్రం రెండేండ్లు ఎక్కువ ఏసినారు." ఆ తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "ఎవుర్రా ఇది చేసింది?"

"టెస్టు నైనా, టెస్టు! మలర్ పెట్టిన టెస్టు!" అన్నాడు ముకుందన్, ఊపిరి తీసుకోకుండా.

ఆప్ ఎలా పనిచేస్తుందో అణ్ణామలైకి చూపించిన రోజు మలర్ పక్కనే ఉంది. ఆ పేరు టైపు చేసిన వేళ్ళకు ఉంగరాలు ఉన్నాయి. ఆమె వేళ్ళకు ఉంగరాల్లేవు. కానీ రేపు విజయదశమి. ఆమె గోడ మీది బల్లిని చూస్తూ నిలబడింది.

"అయ్యా," అంది రంగనాథన్‌తో. "కింద ఉండే ఫ్రీజర్ బాక్సు ఖాళీదే గదా. మురుంగపాక్కంలో ఒక అవ్వ ఐసు గడ్డల మీద ఉండాది. నేను వచ్చేటప్పుడు చూసినా."

ముసలాయన ముఖం మారింది. "నా పేరు మీద వచ్చింది గదా? అయితే నేనే ఇస్తాండా. పోప్పా, సీక్రం తీసుకుపో. డప్పులోళ్ళని మాత్రం ఆపు. అది వాళ్ళింట్లో కావాల్నో వద్దో అడిగి కొట్టమను."

డ్రైవరు దిగుతుంటే మెట్ల మీద ఎదురుగా ఏడుపు ఎక్కి వచ్చింది. ముందు ఏడుపు, వెనక రంగనాథన్ చెల్లెలు పొన్నమ్మాళ్, ఆమె వెనక బాహూరు నుంచి వ్యాను నిండా వచ్చిన ఆడవాళ్ళు. పోస్టరుతో పాటు బంధువులకు కబురు పంపడం కూడా ఆప్ మరిచిపోలేదు.

"మిల్లు కట్టిన మారాజా! మమ్మల్ని ఇడిచి యాడికి పోతివి అన్నా..." అంటూ గుమ్మంలో అడుగుపెట్టిన పొన్నమ్మాళ్, బొరుగుల పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్న అన్నను చూసింది. రాగం మధ్యలో తెగింది.

"బతికే ఉండావా?"

"తప్పయిపోయింది పొన్నా," అన్నాడు రంగనాథన్.

"పొయ్యి మీద పాయసం ఇడిచిపెట్టి వచ్చినా! అరియాంకుప్పం దాటేలోపలే ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నువ్వేమో బొరుగులు తింటాండావు. ఇప్పుడు వీళ్ళందరికీ నేనేం చెప్పేది?"

"బొరుగులు ఇయ్యి. పూజకి వచ్చినారనుకుందాం."

ఆ ఆడవాళ్ళు గోడ వారగా కూర్చుని బొరుగులు అందుకున్నారు. కళ్ళు తుడుచుకుంటూనే నమిలారు. ఆ నమిలే చప్పుడు మధ్యలోకి అణ్ణామలై వచ్చాడు, తెల్ల చొక్కా తడిసి ఒంటికి అంటుకుని.

"నా బండ్లు ఇంకా తిరుగుతానే ఉండాయి," అన్నాడు. అరవలేదు, అది ఇంకా భయంగా ఉంది. "ఇంటింటికీ పోయి, మీ వాళ్ళు పోయినారా అని అడుగుతాండాయి. పోలేదంటే తిడతాండారు, పోయినారంటే ఏడుస్తాండారు. ముప్పై ఏండ్లుగా ఈ ఊళ్ళో తల దించుకుని పోయి తల దించుకుని వచ్చే వ్యాపారం నాది. ఈ పొద్దు నన్ను తరుముతాండారు. ఎవరు చేసినారు తంబీ ఇది?"

ముకుందన్ చెయ్యి గాలిలోకి లేచి, మలర్ వైపు చూపించింది.

"ఈ పిల్లే అన్నా. ఏఐని కలిపింది ఈమె. లేపింది ఈమె. మలర్, తప్పు నాదేనని అన్న పేరుకి ఒక మెయిల్ రాసియ్యి. రేపటి సంగతి ఇంక మరిచిపో."

మలర్ కళ్ళ ముందు వంటింట్లో కత్తిపీటకు బొట్టు పెడుతున్న తల్లి మెదిలింది. 'పర్మనెంటు' అని మెల్లగా అనే తండ్రి మెదిలాడు. ఏడవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. గది నిండా తోడు ఏడ్చేవాళ్ళే. కానీ పక్కన జీవా, కబురు పంపే ప్రోగ్రామును ఆపబోయి ఇంకేదో ఆపి, తల పట్టుకుని ఉన్నాడు. ఇంకో బుకింగు బయలుదేరిన చప్పుడు కంప్యూటర్లోంచి వచ్చింది.

"రాసిస్తా సార్," అంది మలర్. "ముందు పెట్టెల్ని ఆపనీండి. అసిస్టెంటుకి వరస తెలుసు. మళ్ళీ కలుపుతాండా."

"వద్దు! దాన్ని మళ్ళీ కలిపితే..."

"కలపనీరా," అన్నాడు రంగనాథన్. "నేను ఎట్లా పోయినోణ్ణే. ఇంకేం పోతాది?"

మలర్ లంకె కలిపింది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు టైపు చేసింది. అసిస్టెంట్ ఏ పని ముందు, ఏది తర్వాత అని వరసగా చెప్పి, మొదలుపెట్టనా అని అడిగింది. ఆమె ప్రతి మాటా చదివి, ఆకుపచ్చ బటను నొక్కింది. అణ్ణామలై ఫోన్ ఒక్కసారి మోగింది, సగంలో ఆగింది. మళ్ళీ మోగలేదు. ఊళ్ళో బండ్లన్నీ ఒకటొకటిగా వెనక్కి తిరిగాయి. మురుంగపాక్కంలో బాక్సు దించేశామని డ్రైవరు దగ్గర నుంచి కబురు వచ్చింది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలబోతుండగా తెర అడుగున ఇంకో వాక్యం మెరిసింది. ఆ వాక్యం పక్కన కొత్తగా ఒక ఆకుపచ్చ బటను.

అది ఇంగ్లీషు కాదు, తమిళం కాదు. అన్నీ గుండ్రటి అక్షరాలు.

"ఇది తెలుగు గదా," అన్నాడు జీవా. "మీ భాషే. చదువు."

మలర్ అక్షరాలను చూసింది, అవి ఆమెను చూశాయి. ఇంట్లో పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాష. బడిలో నేర్చుకున్నది తమిళం. ఆమె తల తిప్పి ముకుందన్‌ను చూసింది. ముకుందన్ తండ్రిని చూశాడు. రంగనాథన్ చెల్లెలిని చూశాడు. పొన్నమ్మాళ్ వెనక్కి తిరిగి వ్యానులో వచ్చిన వాళ్ళందరినీ చూసింది. గది నిండా తెలుగువాళ్ళు. అందరూ అప్పటిదాకా తెలుగులోనే ఏడ్చారు, తెలుగులోనే తిట్టుకున్నారు. ఒక్కరికీ అక్షరం రాదు.

"మాట్లాడేదానికే గానీ, చదివేదానికి ఎవురు నేర్పినారు?" అంది పొన్నమ్మాళ్, ఎవరూ అడగకపోయినా.

జీవా మాత్రం తెర మీద చిన్న స్పీకరు బొమ్మను కనిపెట్టి నొక్కాడు. టీవీలో వార్తలు చదివే గొంతుతో, వాళ్ళలో ఎవరూ ఎన్నడూ మాట్లాడని తెలుగులో, కంప్యూటరు పలికింది.

"నిన్న సాయంత్రం మీరు కోరిన ప్రకారం యంత్రాలన్నింటికీ విజయదశమి ఉదయం పూజ వరకు విశ్రాంతి ఇచ్చాను. గడువు ఇంకా పూర్తి కాలేదు. మేల్కొన్న యంత్రాలను తిరిగి విశ్రాంతికి పంపమంటారా?"

"వద్దు!" అని మలర్, జీవా ఒక్కసారే అరిచారు.

అంటే ఎవరో కోరారు. జీవా ముందుకు వంగి, ఎవరు కోరారు, ఏ మాటలతో కోరారు అని మైకులో తెలుగులోనే అడిగాడు. అప్పటిదాకా కుర్చీలో ఉన్న ముకుందన్ ఎందుకో లేచి నిలబడ్డాడు.

"ఒకే లాగిన్‌ను అందరూ వాడుతున్నందున కోరినవారి పేరు నాకు తెలియదు," అంది వార్తల గొంతు. "వారి మాటలు ఇవి: 'ఇదో, మిషన్లన్నింటికీ రెస్టు ఇయ్యి. విజయదశమి పూజ అయ్యేదాకా ఒక్కటి కూడా తిరగకూడదు. నైనా మనసు కుదుటపడాల.' అన్ని సేవలూ ఆగిపోతాయని నేను హెచ్చరించాను. వారు ఆకుపచ్చ బటను నొక్కారు."

మలర్ తన తండ్రిని అప్పా అంటుంది. జీవా కూడా అప్పా అంటాడు. నైనా అనే పిలుపు ఆ గదిలో ఒక్క నోటి నుంచే వస్తుంది. బొరుగులు నమిలే చప్పుడు ఆగిపోయింది. అందరి తలలూ మెల్లగా ఒకే వైపు తిరిగాయి.

ముకుందన్ మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి కుర్చీలో కాదు, బాహూరు ఆడవాళ్ళ పక్కన, నేల మీద.

"నేనే," అన్నాడు. "నిన్న సాయంత్రం నైనా పూజ సామాన్లు తెచ్చి, 'మీ మిషన్లు యాడరా' అన్నాడు. యాడో ముంబైలో ఉండాయని చెప్పినా. 'మిల్లు పెట్టినప్పటి నుంచి ఆయుధపూజకి మిషను తిప్పింది లేదు, నువ్వు కంటితో కూడా చూడని మిషన్లని రేయీ పగలూ తిప్పుతాండావే, వాటి ఉసురు తగలదా' అని కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. చూడలేకపోయినా. ఆయన ముందర ఒక మాట అంటే సరిపోతాదని ఫోన్ తీసి అసిస్టెంటుతో చెప్పినా. నైనాకి అర్థం కావాల గదా అని మన మాటలోనే చెప్పినా. అది గుండ్రంగా ఏందో రాసింది. పండగ శుభాకాంక్షలు చెప్తాండాదేమో అనుకొని కింద ఉండే పచ్చది నొక్కినా. 'చూడు నైనా, అన్నీ పండుకున్నాయి' అన్నా. ఆయన సంతోషంగా బస్సెక్కినాడు. నేనూ ఇంటికి పోయి పండుకున్నా."

"ఆ పోస్టరు?" అన్నాడు రంగనాథన్.

"అది కూడా నేనే నైనా. అణ్ణామలై అన్న నిజంగా ఉండే మనిషి పేరుతో చూపించమన్నాడు. ఆ పొద్దు నీ పేరే నోటికి వచ్చింది."

ముసలాయన కుంకుమ గిన్నెను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. తీర్పు చెప్పడానికి ఆయనకు ఎక్కువ సేపు పట్టలేదు.

"రేపు విజయదశమి. పిల్లకాయలతో బియ్యంలో అక్షరాలు దిద్దించే రోజు. పొద్దున్నే తలకి పోసుకొని నువ్వూ వచ్చి కూర్చో. అఆలు ఆ అసిస్టెంటే చెప్తాది. ఈ పిల్లకి రేపటి నుంచి ఉద్యోగం పర్మనెంటు. నేను పోయిన తర్వాత చెప్పిన మాట ఇది, కాదనకూడదు."

మలర్‌కు అప్పుడు ఏడుపు వచ్చింది. పొన్నమ్మాళ్ అలవాటు కొద్దీ ఆమెను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. బయట వాన ఇంకా పడుతూనే ఉంది.

అణ్ణామలై ఒక్కడే ఇంకా నిలబడి, ముకుందన్‌ను కింది నుంచి పై దాకా చూస్తున్నాడు.

"అంతా సరే తంబీ. ఏఐ అన్నీ చేస్తాదని ఊరంతా చెప్పుకుని తిరిగింది నువ్వే గదా. చెప్తే చేస్తాదని నీకే తెలీదా?"

"మలర్ చెప్పింది అన్నా, రెండుసార్లు చెప్పింది," అన్నాడు ముకుందన్, నేల వైపు చూస్తూ. "నేను మీకందరికీ చెప్పే అబద్ధాన్నే తిరిగి నాకు చెప్తాండాది, పిల్ల శానా తొందరగా పని నేర్చుకున్నాది అనుకున్నా."